స్పితి లోయ టోపో మ్యాపు: 78వ రేఖాంశం దగ్గర గ్రిడ్ విరుగుతోంది, గండి మాయమవుతోంది, ఎత్తులు కలవడం లేదు

మంచుఎడారి (ప్రశ్న)

హిమాచల్‌లోని స్పితి లోయకు 1:50,000 స్కేలులో, ఏ3 కాగితం మీద టోపో మ్యాపు (ఎత్తుపల్లాలు చూపే మ్యాపు) తయారు చేస్తున్నాను. కాజా, కీ, కిబ్బర్, చిచమ్, లాంగ్జా, కోమిక్ ఊళ్లన్నీ ఒకే కాగితంలో పట్టాలి. కాలినడకన తిరిగేవాళ్లు చేతిలో పట్టుకునే మ్యాపు ఇది. ఫోను చచ్చినా పనికి రావాలి.

వాడుతున్నవి: మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్, కోపర్నికస్ 30 మీటర్ల డెమ్ (పిక్సెల్‌కొక ఎత్తు ఉండే డిజిటల్ పటం, ఒక్కో పిక్సెల్ 30 మీటర్లు), దారులకూ వాగులకూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, పోల్చి చూసుకోవడానికి పాత సర్వే ఆఫ్ ఇండియా షీటు స్కాను ఒకటి, ఇస్రో వారి భువన్ సైటు నుంచి దింపిన కార్టోడెమ్ అనే ఇంకో డెమ్.

చిక్కులు ఇవి:

1. మ్యాపు మధ్యలో ఎక్కడో కిలోమీటరు గ్రిడ్ గీతలు విరిగి, కొత్త కోణంలో మొదలవుతున్నాయి. ఈస్టింగ్ అంకెలు (తూర్పు వైపుకు పెరిగే కిలోమీటర్ల లెక్క) 782 నుంచి ఒక్కసారిగా 217కి దూకుతున్నాయి.

2. స్కాను షీటును జియోరెఫరెన్స్ చేస్తే, అంటే నేల మీది అసలు చోట్లకు కుదిరిస్తే, అన్నీ ఒకే దిక్కుకు నూరు మీటర్లకు పైగా జరిగి కూర్చుంటున్నాయి.

3. కిబ్బర్‌కూ చిచమ్‌కూ మధ్య ఉన్న లోతైన గండి నా కాంటూర్లలో (ఒకే ఎత్తును కలిపే గీతల్లో) మామూలు వాగులా కనిపిస్తోంది.

4. కార్టోడెమ్, కోపర్నికస్ ఎత్తుల మధ్య కొన్ని పదుల మీటర్ల తేడా ఉంది. అది కూడా అంతటా దాదాపు ఒకే తేడా.

5. హిల్‌షేడ్ (కొండల వెలుగునీడల పొర) వేస్తే లోయ చదునుగా, పేలవంగా వస్తోంది. కొండలకు ఉబ్బు రావడం లేదు.

కాంటూర్ల మధ్య అంతరం 20 మీటర్లు పెట్టాను. కొండవాలుల్లో గీతలన్నీ కలిసిపోయి గోధుమరంగు ముద్దలా ఉంది. ఎక్కడ తప్పుతున్నానో చెప్పగలరా?

---

గీతలూ_గట్లూ

మొదటి చిక్కుకు జవాబు ఆ లోయ ఉన్న చోటులోనే ఉంది. స్పితి మీదుగా 78 డిగ్రీల తూర్పు రేఖాంశం పోతుంది. భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా కోసే యూటీఎమ్ గ్రిడ్‌లో 43వ జోను అక్కడ ముగిసి 44వ జోను మొదలవుతుంది. కీ, కిబ్బర్ ఆ రేఖకు తూర్పున సుమారు కిలోమీటరు దూరంలోనే ఉన్నాయి. కాజా మరికొంచెం తూర్పున, దాదాపు 6.7 కిలోమీటర్ల దూరంలో ఉంది. లోసర్, కుంజుమ్ లా, చంద్రతాల్ రేఖకు పడమట 43లోకి వస్తాయి. అంటే ఈ లోయను ఎవరు గీసినా అతుకు మీదే గీయాలి.

గ్రిడ్ కోణం ఎందుకు మారుతోందో చూడండి. 43వ జోను నడిమి రేఖాంశం 75, 44వది 81. మీ మ్యాపు ఈ రెండింటికీ సరిగ్గా మూడేసి డిగ్రీల దూరంలో ఉంది. గ్రిడ్ ఉత్తరానికీ నిజ ఉత్తరానికీ మధ్య కోణం కావాలంటే, ఆ రేఖాంశ వ్యత్యాసాన్ని అక్షాంశపు సైన్‌తో గుణించాలి: 3 × 0.53, అంటే సుమారు 1.6 డిగ్రీలు. 43వ జోను వైపు గ్రిడ్ ఉత్తరం నిజ ఉత్తరానికి తూర్పుగా 1.6 డిగ్రీలు ఒరుగుతుంది, 44వ జోను వైపు పడమరగా అంతే ఒరుగుతుంది. రెండూ కలిసేచోట తేడా 3.2 డిగ్రీలు. మీరు చూస్తున్న విరుపు అదే. 782, 217 కూడా అందుకే: నడిమి రేఖకు 500 కిలోమీటర్లు అని పెట్టుకుంటారు గనక, అక్కడి నుంచి 282.7 కిలోమీటర్లు ఒక వైపు కలుపుతారు, ఇంకో వైపు తీసేస్తారు.

దీనికి రెండు దారులున్నాయి.

మొదటిది, మ్యాపు మొత్తాన్ని 44వ జోనులోనే, అంటే ఈపీఎస్‌జీ (నిర్దేశాంక వ్యవస్థలకు ఇచ్చే అంకె) 32644లోనే ఉంచి, 78కి పడమట ఉన్న ముక్కను కూడా అదే గ్రిడ్‌తో గీయడం. లెక్కల పరంగా ఇబ్బంది లేదు. స్కేలు లోపం కిలోమీటరుకు 60 సెంటీమీటర్ల లోపే ఉంటుంది కనక కాగితం మీద తెలియదు. కానీ చేతి జీపీఎస్ 78 దాటగానే తనంతట తాను 43వ జోను అంకెలు చూపిస్తుంది. అప్పుడు మ్యాపు మీద 216 ఉంటే పరికరంలో 781 కనిపిస్తుంది. చలిలో, అలసటలో ఉన్న మనిషి దగ్గర ఇది ప్రమాదం.

రెండోది నేను గట్టిగా సిఫారసు చేసేది. ప్రాజెక్టుకు సొంత ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని కాగితం మీద పరిచే పద్ధతి) పెట్టండి: ట్రాన్స్‌వర్స్ మెర్కేటర్, నడిమి రేఖాంశం 78, స్కేలు 1, ఫాల్స్ ఈస్టింగ్ (నడిమి రేఖకు ఇచ్చే అంకె, మీటర్లలో) 5,00,000, డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు కొలిచే ఆధారం) డబ్ల్యూజీఎస్ 84. క్యూజీఐఎస్‌లో సెట్టింగ్స్ కింద కస్టమ్ ప్రొజెక్షన్లలో చేర్చవచ్చు. అప్పుడు మ్యాపు నిటారుగా నిలుస్తుంది. గ్రిడ్ ఉత్తరం, నిజ ఉత్తరం ఒకటే అవుతాయి. దిక్సూచికి సరిచూసుకోవలసింది అయస్కాంత విచలనం ఒక్కటే మిగులుతుంది. ఆ విచలనం ఈ ప్రాంతంలో తూర్పుకు కొద్ది డిగ్రీలే. మ్యాపు అచ్చేసే సంవత్సరానికి ప్రపంచ అయస్కాంత నమూనాతో లెక్క కట్టి, ఆ సంవత్సరంతో సహా అంచులో రాయండి.

కిలోమీటరు గ్రిడ్ బదులు అక్షాంశ రేఖాంశాల నిమిషాల గీతలు వేయండి. ఈ అక్షాంశం దగ్గర ఒక నిమిషం అక్షాంశం 1.85 కిలోమీటర్లు, అంటే మీ కాగితం మీద 3.7 సెంటీమీటర్లు. ఒక నిమిషం రేఖాంశం 1.57 కిలోమీటర్లు, కాగితం మీద 3.1 సెంటీమీటర్లు. చాలా ఫోను యాప్‌లలో, చేతి జీపీఎస్‌లలో డిగ్రీలూ దశాంశ నిమిషాలూ చూపించేలా పెట్టుకోవచ్చు. జోను గొడవే ఉండదు. ఎవరికైనా ఫోనులో చోటు చెప్పాలన్నా రెండు అంకెలు చదివితే చాలు.

ఇంకో మాట. ఇదే అతుకు మీ డెమ్‌లోనూ ఉంటుంది. కోపర్నికస్ ముక్కలు ఒక్కో డిగ్రీకి ఒకటి చొప్పున వస్తాయి. మీకు ఉత్తరం 32 తూర్పు 77, ఉత్తరం 32 తూర్పు 78 రెండూ కావాలి. రెండింటినీ ముందు ఒకే వర్చువల్ రాస్టరుగా (ముక్కలను ఒకే పటంగా చూపే ఫైలుగా) కలిపి, ఆ తర్వాతే ప్రొజెక్షన్ మార్చండి. విడివిడిగా మార్చి కలిపితే అతుకు వెంబడి ఖాళీ పిక్సెళ్ల చార పడుతుంది. కాంటూర్లు అక్కడ తెగుతాయి.

---

పాతషీట్లు

స్కాను సంగతి నేను చెబుతాను.

సర్వే ఆఫ్ ఇండియా పాత అంకెల్లో 52 అనేది 76–80 తూర్పు, 32–36 ఉత్తరం మధ్య నాలుగు డిగ్రీల చదరం. దాన్ని ఏ నుంచి పీ వరకు పదహారు డిగ్రీ షీట్లుగా, ఉత్తరం నుంచి దక్షిణానికి నిలువు వరసల్లో కోస్తారు. ప్రతి డిగ్రీ షీటునూ మళ్లీ అదే క్రమంలో 1 నుంచి 16 వరకు పావు డిగ్రీ ముక్కలు చేస్తారు. ఆ లెక్కన కాజా 52 ఎల్/4లో, కీ, కిబ్బర్ 52 ఎల్/3లో పడతాయి. వాటి పడమటి పొరుగు షీట్లు 52 హెచ్/16, 52 హెచ్/15. ఈ నాలుగు షీట్ల మూల 78 డిగ్రీల తూర్పు, 32 డిగ్రీల 15 నిమిషాల ఉత్తరం దగ్గర కలుస్తుంది. కాజా ఆ మూలకు సుమారు ఏడు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఒక్క షీటు తెచ్చుకుంటే ఎప్పుడూ కావలసిన ముక్క పక్క షీటులో ఉండేది ఇందుకే. 2005 జాతీయ పట విధానం తర్వాత వచ్చిన ఓపెన్ సిరీస్‌లో ఇవే ఐ44డీ4, ఐ44డీ3, ఐ43ఎక్స్16, ఐ43ఎక్స్15 అవుతాయి.

పేరొక్కటే కాదు, లోపల కూడా మారింది. ఓపెన్ సిరీస్ షీట్లు డబ్ల్యూజీఎస్ 84 మీద యూటీఎమ్‌లో ఉంటాయి. పాత షీట్లు ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి లెక్కల్లో వాడే నునుపు గోళం లాంటి రూపం) మీద పాలీకోనిక్ ప్రొజెక్షన్‌లో గీసినవి. పాత షీటు మూలల్లో అచ్చయిన అక్షాంశ రేఖాంశాలను డబ్ల్యూజీఎస్ అనుకుని కొడితే మీకొచ్చిన జరుగుడే వస్తుంది. మిగతావన్నీ సరిగా ఉండి, అన్నీ ఒకే దిక్కుకు ఒకే దూరం జరిగాయంటే అనుమానించవలసింది డేటమ్‌నే.

చేయవలసింది ఇది. జియోరెఫరెన్సర్‌లో లక్ష్య నిర్దేశాంక వ్యవస్థగా కలియన్‌పూర్ 1975, ఈపీఎస్‌జీ 4146 ఎంచుకోండి. వెతుకులాటలో ఇండియన్ 1975 అని 4240 కూడా కనిపిస్తుంది. పేరు చూసి దాన్ని ఎంచుకోవద్దు, అది థాయ్‌లాండ్‌ది. పావు డిగ్రీ షీటులో అయిదేసి నిమిషాలకు గీతలు కలిసే చోట్లు నాలుగు అడ్డం, నాలుగు నిలువు, మొత్తం పదహారు. నాలుగు మూలలతో సరిపెట్టకుండా పదహారూ గుచ్చండి. కాగితం మడతల దగ్గర ఒక తీరుగా, అంచుల్లో ఇంకో తీరుగా సాగి ఉంటుంది.

300 డీపీఐ స్కానులో ఒక పిక్సెల్ నేల మీద 4.2 మీటర్లు. సగటు లోపం రెండు మూడు పిక్సెళ్లలో ఉంటే చాలు. అంతకు మించితే ఏదో ఒక బిందువు తప్పు పడిందని అర్థం. అన్నిటికంటే ఎక్కువ లోపం చూపించే బిందువును తీసి మళ్లీ గుచ్చండి. థిన్ ప్లేట్ స్ప్లైన్ వాడితే లోపం సున్నా అని చూపిస్తుంది గానీ, అది తప్పు బిందువును కూడా నమ్మి కాగితాన్ని దానికి తగ్గట్టు వంచేస్తుంది. ముందు మొదటి తరగతి పాలినామియల్‌తో తప్పులు ఏరి, కావాలంటే ఆఖర్న స్ప్లైన్‌కు వెళ్లండి.

షీటులో రంగుల అర్థం కూడా గుర్తుంచుకోండి. ఈ లోయలో అదే ముఖ్యం. నీలం గీత అంటే నీరున్న వాగు, నల్ల గీత అంటే ఎండు వాగు. ఎడారి లోయలో నడిచేవాడికి మ్యాపులో అన్నిటికన్నా విలువైన సమాచారం ఇదే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చాలా వాగులకు ఈ తేడా నమోదు కాలేదు. అన్నీ ఒకే నీలంలో గీసేస్తే లేని నీటిని చూపించినట్టే. పాత షీటు నుంచి ఈ ఒక్క విషయం చేత్తో ఎక్కించండి. మంచు, హిమానీనదాల హద్దులు మాత్రం పాత షీటు నుంచి తీసుకోవద్దు. సర్వే నాటికీ ఇప్పటికీ అవి చాలా వెనక్కి తగ్గాయి. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో తీసిన ఉపగ్రహ చిత్రం చూసి గీయండి. అప్పటికి కాలానుగుణ మంచు చాలావరకు కరిగి అసలు హిమం బయటపడుతుంది.

---

రాస్టరు_రైతు

గండి విషయం డెమ్‌ది, దాన్ని పూర్తిగా బాగుచేయలేం. ఎందుకో తెలిస్తే ఏం చేయాలో తేలుతుంది.

కిబ్బర్, చిచమ్ మధ్య గండి పైఅంచు నుంచి పైఅంచుకు వంద మీటర్ల పైచిలుకే. అడుగున ఇంకా ఇరుకు. 30 మీటర్ల డెమ్‌లో అది మూడు నాలుగు పిక్సెళ్లు. నిటారు గోడ ఒక పిక్సెల్ లోపలే పడిపోతుంది, ఆ పిక్సెల్‌కు గోడ పైకీ కిందికీ మధ్య సగటు ఎత్తు వస్తుంది. పైగా కోపర్నికస్ డెమ్‌కు మూలం టాన్‌డెమ్-ఎక్స్ రాడార్. రాడార్ పక్కవాటుగా చూస్తుంది గనక ఇరుకు గండి అడుగు నీడలో పడుతుంది. అలాంటి ఖాళీలను ఇతర డెమ్‌ల నుంచి తెచ్చి పూడ్చారు. డెమ్‌తో పాటు ఫిల్లింగ్ మాస్క్ అనే ఫైలు ఇస్తారు. దాన్ని పైన పరిచి చూడండి, ఏ పిక్సెల్ కొలిచిందో ఏది పూడ్చిందో తెలుస్తుంది. గండి వెంబడి రంగు మారితే అక్కడి ఎత్తులను నమ్మవద్దు.

కాంటూర్లు సాఫీగా రావాలని డెమ్‌ను గాసియన్ ఫిల్టరుతో నునుపు చేసి ఉంటారు కదా? అది అవసరమే. గీతలను విడివిడిగా నునుపు చేస్తే పక్క గీతలు ఒకదాన్నొకటి దాటేస్తాయి, కాబట్టి నునుపు డెమ్‌లోనే చేయాలి. కానీ అదే ఫిల్టరు గండిని ఇంకా పూడ్చేస్తుంది. నా సలహా: వాలు 45 డిగ్రీలు దాటిన పిక్సెళ్లనూ వాటి చుట్టూ రెండు పిక్సెళ్ల మేరనూ మాస్క్ చేసి అక్కడ అసలు డెమ్, మిగతా చోట నునుపు డెమ్ పెట్టండి. ఆ తర్వాత ఉపగ్రహ చిత్రం చూస్తూ గండి రెండు పైఅంచులనూ చేత్తో గీసి, లోపలికి పళ్లున్న కొండచరియ గుర్తు వేయండి. ఆ గుర్తు ఉన్నంత మేర కాంటూర్లను తెంపేయవచ్చు. ఈ పని యంత్రం చేయలేదు.

దీన్ని అలంకారం అనుకోకండి. చిచమ్ వంతెన 2017లో తెరిచారు. ఆ వంతెన గుర్తు మ్యాపు మీద ఒక్క మిల్లీమీటరు పక్కకు పడినా, లేదా గండి మామూలు వాగులా కనిపించినా, ఎదురుగా రాయి విసిరితే తగిలేంత దగ్గరున్న ఊరికి నేరుగా దిగి ఎక్కవచ్చని చదివేవాడు అనుకుంటాడు. వంతెనలను మామూలు రోడ్డు గీతలో కలిపేయకుండా విడి గుర్తుతో, కొంచెం పెద్దగా చూపించండి. పిన్ నది, స్పితి నది మీద కూడా అంతే. ఈ లోయలో దారిని నిర్ణయించేది వంతెనే.

ఎత్తుల తేడా: కార్టోడెమ్ ఎత్తులు డబ్ల్యూజీఎస్ 84 ఎలిప్సాయిడ్ నుంచి కొలిచినవి. కోపర్నికస్ ఎత్తులు ఈజీఎమ్ 2008 జియాయిడ్ నుంచి, అంటే ఇంచుమించు సముద్ర మట్టం నుంచి. మన దేశంలో జియాయిడ్ ఎలిప్సాయిడ్‌కు కింద ఉంటుంది. అందువల్ల కార్టోడెమ్ అంకెలు తక్కువగా కనిపిస్తాయి. రెండింటినీ కలిపి వాడాలంటే ముందు జియాయిడ్ గ్రిడ్‌తో ఒకే మట్టానికి తేవాలి. ఎస్‌ఆర్‌టీఎమ్ అనే ఇంకో డెమ్ అయితే ఈజీఎమ్ 96 జియాయిడ్ మీద ఉంటుంది. దానికీ 2008కీ తేడా చిన్నదే గానీ, ఏది వాడారో మ్యాపు అంచులో ఒక వాక్యం రాయండి. కొన్ని ఫోన్ యాప్‌లు కూడా ఎలిప్సాయిడ్ ఎత్తే చూపిస్తాయి. ఆ వాక్యం లేకపోతే చదివేవాడు మ్యాపు తప్పనుకుంటాడు.

ఈ లోయలో ఒక మేలుంది. కోపర్నికస్ ఇచ్చేది ఉపరితలపు ఎత్తు, అడవి ఉంటే చెట్ల తలల ఎత్తు వస్తుంది. స్పితిలో అడవే లేదు. నది పక్క నాటిన విల్లో, పోప్లార్ తోపులు తప్పిస్తే ఉపరితలమే నేల. సాంగ్లా లాంటి దేవదారు లోయలో ఇదే డెమ్ ఇంత బాగా పనిచేయదు.

---

మంచుఎడారి

సొంత ప్రొజెక్షన్ పెట్టాక గ్రిడ్ సరిపోయింది. 4146తో స్కాను కూడా కూర్చుంది. ఇప్పుడు రెండు ప్రశ్నలు. కాంటూరు అంతరం 40 చేస్తే కాజా పక్కన నది ఒడ్డు మెట్టలు, పక్కవాగుల నోట పరుచుకున్న విసనకర్ర మేటలు కనబడకుండా పోతున్నాయి. 20 ఉంచితే పైన ముద్ద. అలాగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాగులు కాంటూర్ల ముడుపుల్లో కాకుండా పక్క వాలు మీద పారుతున్నట్టు వస్తున్నాయి.

---

ఎత్తుపల్లాలు

అంతరం సంగతి లెక్క వేసి తేల్చుకోవచ్చు. 1:50,000లో ఒక మిల్లీమీటరు 50 మీటర్లు. 20 మీటర్ల అంతరంతో 39 డిగ్రీల వాలు మీద గీతలు అర మిల్లీమీటరు ఎడంలో పడతాయి. గీత మందం 0.12 మిల్లీమీటర్లు, ప్రతి అయిదో గీత 0.25 అనుకుంటే మధ్యలో తెలుపు 0.3–0.4 మిల్లీమీటర్లే మిగులుతుంది. పైగా 35 డిగ్రీల వాలు మీద ఒక పిక్సెల్ నుంచి పక్క పిక్సెల్‌కు ఎత్తు 21 మీటర్లు మారుతుంది. అంటే పిక్సెల్‌కో గీత గీస్తున్నారు. డెమ్‌లో లేని వివరాన్ని గీస్తున్నట్టే.

అసలు గీతలు 40 మీటర్లకు, ప్రతి అయిదోది, అంటే 200 మీటర్లకొకటి, మందంగా ఉంచండి. వాలు 10 డిగ్రీల లోపు ఉన్నచోట మాత్రం మధ్యలో 20 మీటర్ల సహాయక గీతలు సన్నటి తెంపు గీతలుగా వేయండి. 20 మీటర్ల కాంటూర్లన్నీ విడిగా తీసి, చదును ప్రాంతాల పాలిగాన్‌తో కత్తిరించి, 40తో భాగితమయ్యేవి తీసేయడమే. మెట్టలు, మేటలు తిరిగి కనిపిస్తాయి.

40 మీటర్ల అంతరానికి గీతల ఎడమూ వాలూ ఇలా ఉంటాయి. దీన్ని మ్యాపు వెనక అచ్చేయండి:

4 మిల్లీమీటర్ల ఎడం: 11 డిగ్రీలు. తేలికైన నడక.
2 మిల్లీమీటర్లు: 22 డిగ్రీలు. ఎక్కవచ్చు, ఊపిరి పడుతుంది.
1.1 నుంచి 1.3: 32–36 డిగ్రీలు. ఒకే ఎడంతో పొడుగ్గా సాగితే అది రాళ్ల జారుడు. రాళ్లు నిలిచే కోణమే అది, కాలు వేస్తే కదులుతుంది.
1 కంటే తక్కువ: 39 డిగ్రీలు దాటింది. దారి గుర్తు లేకపోతే అటు వెళ్లవద్దు.

ఇక్కడి భూమికి కాంటూరు ఆకారాలు కొన్ని ప్రత్యేకం. పక్కవాగు నోటి దగ్గర గీతలు వృత్తపు ముక్కల్లా నది వైపు ఉబ్బితే అది విసనకర్ర మేట. ఊళ్లూ చేలూ చాలాసార్లు దాని మీదే ఉంటాయి, వాగు దాని మీద పాయ మారుస్తుంది. వరసగా రెండు మూడు గీతలు దగ్గరపడి, వెంటనే బాగా ఎడమైతే అది నది కోసిన మెట్ట అంచు. ఆ దగ్గరపడిన చోట చాలావరకు మట్టి గోడ ఉంటుంది. 30 మీటర్ల డెమ్ దాన్ని వాలుగా చూపిస్తుంది, నిలబడి చూస్తే గోడ.

వాగులు పక్కకు పారడానికి కారణం: వాటిని ఉపగ్రహ చిత్రం మీద గీశారు. నిటారు కొండల్లో చిత్రాన్ని సరిచేయడంలో మిగిలిన లోపం వల్ల పదుల మీటర్లు జరగవచ్చు, ఒక్కో కొండకు ఒక్కో దిక్కుకు. అన్నిటినీ ఒకేసారి జరిపితే కుదరదు. డెమ్ నుంచే వాగులు తీయండి. గ్రాస్ అనే సాఫ్ట్‌వేర్‌లో వాటర్‌షెడ్ పరికరం ఉంది, హద్దు 1,000 పిక్సెళ్లు, అంటే సుమారు 0.9 చదరపు కిలోమీటర్ల నీటి పరీవాహకం అని పెడితే ఈ స్కేలుకు సరిపోయే వాగులు వస్తాయి. వాటికి నీలం, నలుపు రంగు పైన పాతషీట్లు గారు చెప్పినట్టు సర్వే షీటు చూసి ఇవ్వండి. స్పితి నది మాత్రం చిత్రం నుంచే ఉంచండి. అక్కడ అడుగు వెడల్పుగా, చదునుగా ఉండి పాయలు పాయలుగా పారుతుంది. డెమ్ ఒక్క పాయే పట్టుకుంటుంది, అది కూడా సరైనది కాకపోవచ్చు.

మంచు కరిగిన నీటి వాగులను దాటే చోట్లకు "ఉదయం దాటాలి" అని చిన్న అక్షరాల్లో రాస్తే మంచిది. మధ్యాహ్నం దాటాక కరుగు నీరు పెరిగి, ఉదయం మోకాలి లోతున్నది సాయంత్రానికి దాటరానిదవుతుంది. మ్యాపులో ఆ వాగు రెండు వేళలా ఒకేలా కనిపిస్తుంది.

---

గీతలూ_గట్లూ

హిల్‌షేడ్ గురించి ఎవరూ చెప్పలేదు. సాఫ్ట్‌వేర్ మామూలుగా వెలుగును 315 డిగ్రీల నుంచి, అంటే వాయవ్యం నుంచి వేస్తుంది. స్పితి లోయ పారేదే వాయవ్యం నుంచి ఆగ్నేయానికి. వెలుగు లోయ వెంబడే పడటం వల్ల రెండు గోడలకూ సమానంగా తగిలి ఉబ్బు పోతోంది. దిక్కు 10–20 డిగ్రీలకు తిప్పండి, వెలుగు ఎత్తు కోణం 45 డిగ్రీలు ఉంచండి. దక్షిణం వైపు మాత్రం తిప్పవద్దు. వెలుగు కింది నుంచి వస్తే కంటికి లోయలు గట్లుగా, గట్లు లోయలుగా తిరగబడతాయి. ఈశాన్యపు వెలుగుకు అలవాటు లేక ఇబ్బందిగా ఉంటే 350 నుంచి ఒకటి, 60 నుంచి ఒకటి తీసి, మొదటిదానికి ఎక్కువ బరువిచ్చి కలపండి. అచ్చులో నలుపు 25–30 శాతం దాటకూడదు, లేకపోతే గోధుమ గీతలు మునిగిపోతాయి.

హిల్‌షేడ్‌ను డిగ్రీల్లో ఉన్న డెమ్ మీద తీయకండి. అడ్డం డిగ్రీల్లో, నిలువు మీటర్లలో ఉంటే కొండలన్నీ ఒకే నలుపు తెలుపు గోడల్లా వస్తాయి. సొంత ప్రొజెక్షన్‌లోకి మార్చిన డెమ్ మీదే తీయాలి. మార్చేటప్పుడు కొత్త పిక్సెళ్ల ఎత్తు లెక్కకట్టే పద్ధతిగా క్యూబిక్ లేదా బైలీనియర్ ఎంచుకోండి. నియరెస్ట్ నెయిబర్ పెడితే నేత చీరలాంటి చారలు పడతాయి.

---

పాతషీట్లు

అచ్చు గురించి కొంచెం. ఏ3లో చుట్టూ సెంటీమీటరు అంచు పోతే 40 × 27.7 సెంటీమీటర్లు మిగులుతుంది. నిలువుగా పెడితే ఉత్తర దక్షిణాలు 20 కిలోమీటర్లు, తూర్పు పడమరలు 13.8. కాజా నుంచి కిబ్బర్‌కు ఉత్తర దక్షిణ దూరం 12 కిలోమీటర్లే కనక సరిపోతుంది, కానీ చిచమ్, కోమిక్ రెండూ పట్టాలంటే పక్కల్లో చోటు బిగుతు. గుర్తుల పట్టిక, వాలు పట్టిక వెనక్కి పంపండి.

ప్రింటరు దగ్గర "కాగితానికి సరిపెట్టు" అన్నది తీసేసి వంద శాతం అని ఎంచుకోవాలి. లేదంటే మూడు నాలుగు శాతం కుంచించుకుపోతుంది, 1:50,000 అని రాసి ఉన్నా అది నిజం కాదు. మ్యాపులో స్కేలు పట్టీ తప్పనిసరిగా ఉండాలి, కాగితం కుంచించినా పట్టీ దానితో పాటే కుంచిస్తుంది కనక కొలత తప్పదు. అచ్చయ్యాక పట్టీలో 5 కిలోమీటర్లు సరిగ్గా 10 సెంటీమీటర్లు ఉందో లేదో స్కేలుతో కొలవండి.

పేర్లకు ఒకే రాత ఎంచుకుని కట్టుబడండి. కీ, క్యె, కిబ్బర్, క్యిబర్, చిచమ్, చిచుమ్ అని షీటుకో తీరుగా ఉంటాయి. రెండో రూపం పేరు కింద చిన్నగా ఇవ్వండి, దారి అడిగేవాడికి అక్కరకొస్తుంది. లా అంటే కనుమ, చూ అంటే నీరు లేదా నది, త్సో అంటే చెరువు. "కుంజుమ్ లా కనుమ" అని రాయనక్కర్లేదు.

మ్యాపును తర్వాత తూర్పుకు విస్తరిస్తే, అంతర్జాతీయ సరిహద్దు వచ్చేచోట సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించిన గీతే వాడాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ గీత వాడితే చట్టపరమైన చిక్కు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, కోపర్నికస్ రెండింటికీ కృతజ్ఞతా వాక్యం అంచులో ఉండాలి. అది వాటి లైసెన్సు షరతు.

---

మంచుఎడారి

వెలుగు 15 డిగ్రీలకు తిప్పగానే రెండు గోడలూ విడివడ్డాయి. 40 అసలు గీతలు, చదునులో 20 సహాయక గీతలతో మెట్టలు కనిపిస్తున్నాయి. గండి అంచులు చేత్తో గీస్తున్నాను. ఆఖరి ప్రశ్న: మ్యాపును పడమరకు రెండో షీటుగా విస్తరిస్తే కుంజుమ్ లాకు ఏ ఎత్తు వేయాలి? 4,551 అని ఒకచోట, 4,590 అని ఇంకోచోట ఉంది. డెమ్‌లో వేరే అంకె. శిఖరాలకూ ఇదే సమస్య.

---

రాస్టరు_రైతు

శిఖరానికీ కనుమకూ డెమ్ లోపం వ్యతిరేక దిక్కుల్లో పోతుంది. శిఖరం మొన పిక్సెల్ సగటులో తగ్గిపోతుంది, కాబట్టి డెమ్ అంకె ఎప్పుడూ కొంచెం తక్కువ. ఇరుకు కనుమలో పక్క వాలులు సగటులో కలిసి ఎత్తు పెరుగుతుంది. కుంజుమ్ లాంటి వెడల్పాటి కనుమలో మాత్రం డెమ్ బాగానే పనిచేస్తుంది. నునుపు చేయని డెమ్‌లో కనుమ మీది పది పదిహేను పిక్సెళ్లు చూసి, రోడ్డు దాటే బిందువు దగ్గర అంకె తీసుకోండి. కనుమ మీద గుడి ఉన్న చోటూ, రోడ్డు అత్యున్నత బిందువూ ఒకటే కానక్కర్లేదు. మీరు ఏ బిందువుకు ఎత్తు రాస్తున్నారో అక్కడే చుక్క పెట్టండి.

శిఖరాలకు సర్వే షీటులో త్రిభుజం గుర్తుతో ఉన్న అంకె ఉంటే అదే వేయండి, అది కొలిచిన ఎత్తు. అది లేని చోట డెమ్ అంకెను పదికి సరిచేసి, ముందు అలల గుర్తు (~) పెట్టి, వేరే ఫాంటులో రాయండి. కొలిచినదానికీ లెక్క కట్టినదానికీ తేడా మ్యాపు మీదే తెలియాలి. రోడ్డు పక్క బోర్డుల మీది అంకెలను మాత్రం మూలంగా తీసుకోకండి. వాటిలో చాలా అంకెలు అడుగుల నుంచి మీటర్లకు మార్చినవి, ఏ మట్టం నుంచో చెప్పవు.